నాకు ఆపరేషన్, అత్తయ్యకు ఇంజెక్షన్

ఆ ఎండాకాలం మొదట్లో మా అత్తయ్య నన్ను పెద్దాసుపత్రికి తోడు రమ్మంది. పంటి డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళినట్టే వెళ్ళాను. బయట బల్ల మీద కూర్చుని ఆమె చేతిసంచి పట్టుకోవడమే నా పని అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పటికి నా పేరు కూడా అక్కడి జాబితాలో ఎక్కింది.

అత్తయ్య మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు చూసి, ఆమెను చూసి, "ముందు బరువు తగ్గండమ్మా, తర్వాత మోకాళ్ళ సంగతి చూద్దాం," అన్నాడు.

"మోకాళ్ళు బాగుంటే నడిచి తగ్గేదాన్ని. తగ్గితే గానీ మోకాళ్ళు బాగుచెయ్యనంటున్నావు. నన్ను గుమ్మంలో నిలబెట్టి అటు తలుపూ ఇటు తలుపూ వేసేశావు కదా నాయనా," అంది అత్తయ్య.

మాది బేకరీ. పైన నేనూ మా ఆయనా ఉండే రెండు గదులు, కింద దుకాణం, వెనక ఓవెన్, దాన్ని ఆనుకుని అత్తయ్య గది. మా ఆయన బ్రెడ్డు చేస్తాడు, మేమిద్దరం అమ్ముతాం. ఆయన పగలంతా ఓవెన్ ముందు నిలబడి ఎండిన రస్కులా ఉంటాడు. అత్తయ్యా నేనూ మాత్రం కౌంటరు వెనక పక్కపక్కన నిలబడితే వెనకున్న అలమార కనిపించదు. "మా దుకాణానికి బోర్డెందుకు, మేమిద్దరం చాలమూ," అని వచ్చినవాళ్ళతో ఆమే అనేది. ఎవరో అనకముందే తను అనేసుకోవడం ఆమె పద్ధతి. షుగరు ఇద్దరికీ ఉంది. నాలుగింటికి టీ పెట్టుకుని, అమ్ముడుపోని తీపి బన్నులు ముందేసుకుని కూర్చోవడం కూడా ఇద్దరికీ ఉంది. పెళ్ళయిన కొత్తల్లో నాకు ఆ ఇంట్లో ధైర్యం వచ్చింది ఆ బన్నుల దగ్గరే.

బరువు తగ్గించడానికి ఏ వైద్యం మేలో తేల్చే ట్రయల్ ఒకటి అదే ఆసుపత్రిలో జరుగుతోందని ఎముకల డాక్టరే మమ్మల్ని అటు పంపాడు. ఆ ట్రయల్ చూసే డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఓ కాగితం మీద కడుపు బొమ్మ గీసి, మధ్యలో గీత పెట్టింది.

"ఒక గుంపు వాళ్ళకి ఆపరేషన్. కడుపులో ముప్పాతిక వంతు కోసి తీసేస్తాం. మిగిలేది అరటిపండంత. ఇంకో గుంపు వాళ్ళకి వారానికో ఇంజెక్షన్, దాంతోపాటు తిండి పద్ధతి, నెలనెలా క్లాసు."

"రెండిట్లో ఏది మంచిది?" అంది అత్తయ్య.

"అది తెలీకే ఈ పరిశోధన."

"తెలీకుండానే కోస్తారా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆపరేషన్ కొత్తది కాదండీ, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదే. మందూ పరీక్షించిందే. మీలాగా షుగరుండి, మోకాళ్ళు దెబ్బతిన్నవాళ్ళకి ఏది ఎక్కువ మేలో, దేంతో ఎక్కువ ఇబ్బందో పక్కపక్కన పెట్టి చూడాలి."

"ఎవరికేదో మీరు నిర్ణయిస్తారా?"

"కంప్యూటరు చీటీ తీస్తుంది. నేనే పంచితే నాకు నచ్చినవాళ్ళకి నాకు నచ్చింది ఇచ్చేస్తాను. అప్పుడు తేలేది నా ఇష్టమే గానీ నిజం కాదు."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినట్టు మొహంలో కనపడిందో ఏమో, ఆమె నావైపు తిరిగి, "మీకూ షుగరుందా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే అత్తయ్య అందుకుంది. "ఉంది. బరువు నాకంటే ఓ పిండి బస్తా తక్కువ. ఈ పిల్లనీ రాసుకోండి. ఇద్దరిలో ఒకరికైనా తగులుతుంది."

ఒకరికైనా అంటే తనకు అని ఆమె లెక్క. అది నాకు అర్థమైంది, డాక్టరమ్మకూ అర్థమైనట్టుంది. "ఏది వచ్చినా ఒప్పుకోవాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా బయటికి వెళ్ళిపోవచ్చు. ఇంటికెళ్ళి వారం రోజులు ఆలోచించుకోండి," అంది.

"ఆలోచించేదేముంది, ఒప్పుకుంటాం," అంది అత్తయ్య. గెలుపు తనదేనన్న నమ్మకం ఉన్నవాళ్ళే అంత తొందరగా ఒప్పుకుంటారు.

మా ఆయనకు ససేమిరా నచ్చలేదు. "బాగున్న కడుపుని కోయించుకుంటారా ఎవరన్నా?" అని పిండి ముద్దని బల్లకేసి కొట్టాడు. "నా బరువు నీ మోకాళ్ళు మోస్తే తెలుస్తుంది," అంది వాళ్ళమ్మ. అక్కడితో ఆ చర్చ అయిపోయింది. నన్ను ఆయన ఏమీ అడగలేదు. నాకు వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

*

రక్త పరీక్షలు, గుండె పరీక్షలు, మనసు ఎలా ఉందో అడిగే పరీక్షలు అన్నీ అయ్యాక, ఓ పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ట్రయల్ తరఫున అన్నిటికీ ఫోన్ చేసే ఒకమ్మాయి ఉండేది. అత్తయ్య ఆమెకు ఫోనమ్మాయి అని పేరు పెట్టింది. చేతికి వెన్న అంటి ఉండటంతో అత్తయ్య మోచేత్తో స్పీకరు నొక్కింది.

"అమ్మా, మీకు మందుల గుంపు వచ్చిందండీ. మీ కోడలుగారికి ఆపరేషన్."

కౌంటరు ముందు ఒకాయన బ్రెడ్డు కోసం నిలబడి ఉన్నాడు. అత్తయ్య, "సరేనమ్మా, మంచిది," అంది. బ్రెడ్డు తీసి, రంపపు కత్తితో ముక్కలు కోసి, పొట్లం కట్టి ఆయనకిచ్చింది. ఆయన వెళ్ళిపోయాక ఇంకో బ్రెడ్డు తీసి కోసింది. అది ఎవరూ అడగలేదు. తర్వాత ఇంకోటి. అలమారలో ఆ పొద్దున వేసిన బ్రెడ్డంతా ముక్కలైపోయేదాకా కోస్తూనే ఉంది. నేను పొట్లాలు కడుతూ నిలబడ్డాను.

మర్నాడు తెల్లారేసరికి చీర మార్చుకుని సిద్ధంగా కూర్చుంది. "పద, మార్పించుకొద్దాం."

డాక్టరమ్మ ఎదుట ఆమె వాదన చాలా సులువుగా ఉంది. "ఇద్దరం ఒకే ఇంటివాళ్ళం. మీ పుస్తకాల్లో ఇటుదటు, అటుదిటు చేస్తే సరిపోతుంది. మీకు వచ్చే నష్టం ఏముంది?"

"అలా చెయ్యడానికి లేదండీ."

"పోనీ ఈ పిల్ల వద్దంటే? ఆ చోటు నాకు వస్తుందా?"

"రాదు. ఆవిడ వద్దంటే ఆవిడకి జరగదు, అంతే. మీది మీదే."

అత్తయ్య కాసేపు కిటికీలోంచి చూసింది. డాక్టరమ్మ నన్ను అడిగింది: "మీరేమంటారు? వద్దనుకుంటే ఇప్పుడే చెప్పచ్చు. ఎవరూ ఏమీ అనరు."

వద్దనడానికే నోరు తెరిచాను. దారి పొడుగునా ఆ మాటే నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. తీరా తెరిచాక, "నేను చేయించుకుంటానండీ," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అత్తయ్య కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

బయటికొచ్చాక వరండాలో గోడ పట్టుకుని నెమ్మదిగా నడుస్తూ, "నీకు కావాలని ఎప్పుడూ అన్లేదే," అంది.

"నాకూ తెలీదత్తయ్యా."

"ఎప్పుడు తెలిసింది?"

"ఇందాకే."

ఆమె తలూపింది. కోపం లేదు ఆ ఊపులో. నిజానికి కోపమే ఉంటే బాగుండేది, నాకేదో ఒకటి చెప్పుకోవడానికి వీలుండేది.

*

ఆపరేషన్ అయిన రెండో రోజు కళ్ళు తెరిస్తే మంచం పక్కన అత్తయ్య ఉంది. కుర్చీ చాలక, ఆసుపత్రి వాళ్ళు ఎక్కడినుంచో ఓ బల్ల తెచ్చి వేశారు. చేతిలో గిన్నె, చెంచా. కూరగాయలు ఉడకబెట్టి వడగట్టిన నీళ్ళు.

"నోరు తెరువు. ఒక్క చెంచా. మింగాక కాసేపాగమన్నారు."

మింగాను. వేడిగా దిగి, ఎక్కడో గొంతు కిందే ఆగిపోయినట్టనిపించింది. రెండో చెంచాకి చాలన్నాను. ఆమె గిన్నెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది.

"చాలా? నిజంగానే చాలా?"

"నిజంగానే."

"ఎలా ఉంది?"

చెప్పడానికి మాట దొరకలేదు. బొంతలాంటి బరువేదో ఎవరో లాగేసినట్టుందని ఏదో అన్నాను. ఆమె గిన్నె మీద మూత పెట్టింది. ఆ రోజుల్లో నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు, అంత బాధగా చూసినవాళ్ళూ లేరు. రెండూ చేసింది ఒకే మనిషి.

వారం తిరక్కుండానే నా షుగరు మాత్రలు ఆపేశారు. ఇంటికొచ్చాక అత్తయ్య మెట్లు ఎక్కలేదు కనక, కింద నిలబడి కేకేసేది. "ఎన్ని చెంచాలు?"

"మూడు."

"నిన్నా మూడేగా?"

"నిన్న రెండున్నర."

దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ నా కడుపు కథ తెలిసిపోయింది. కొందరు వచ్చి బ్రెడ్డుతో పాటు ఆ రోజు చెంచాల లెక్క కూడా అడిగి వెళ్ళేవాళ్ళు.

అంతవరకూ బాగానే ఉంది. మెత్తటివి తినొచ్చన్న రోజున మా ఆయన ఆ ఉదయం మొదటి వాయిలో ఒక చిన్న బ్రెడ్డు నా కోసం విడిగా చేసి, దాని గుండెభాగం మాత్రం గోరంత తుంచి, పళ్ళెంలో పెట్టుకుని పైకొచ్చాడు. ఇంకా పొగలొస్తోంది. ఆ వాసన నా ముక్కుకి తగలగానే గిన్నె కోసం పరిగెత్తాను. కక్కడానికి లోపల ఏమీ లేదు, అయినా ఆగలేదు.

నేను మొహం కడుక్కుని వచ్చేదాకా ఆయన పళ్ళెంతో అక్కడే నిలబడి ఉన్నాడు.

"నా బ్రెడ్డుకేనా?"

"మీ బ్రెడ్డని కాదు. వాసనకి."

"బ్రెడ్డంటే వాసనే కదా," అన్నాడు. అని, పళ్ళెం వెనక్కి దాచుకుని దిగిపోయాడు.

కొందరికి కొన్ని వాసనలు పడవని, కొన్నాళ్ళకి పోవచ్చని, పోకపోవచ్చని ఫోనమ్మాయి చెప్పింది. ఇల్లంతా ఆ వాసనే. గోడలకీ, దిళ్ళకీ, మా ఆయన మెడకీ అదే. ఆయన పైకి వచ్చేముందు రెండుసార్లు స్నానం చేయడం మొదలుపెట్టాడు. మెట్ల తలుపు కింద తడిగుడ్డ కుక్కాడు. తను చేసేపనికి తనే ఇంట్లో దొంగలా తిరిగే పరిస్థితి వచ్చింది ఆ మనిషికి.

నేను బయటపడ్డాను. నడిచేదాన్ని. పొద్దున ఓవెన్ వెలిగించకముందే వెళ్ళి, ఎండ ముదిరాక వచ్చి, మళ్ళీ సాయంత్రం వెళ్ళేదాన్ని. టైర్ల కొట్లు, ఇనప సామాన్ల వీధి, స్కూలు గోడ, మళ్ళీ టైర్ల కొట్లు. కాళ్ళు నిలవనిచ్చేవి కావు. కూర్చుంటే చేతులు ఏదో వెతుక్కునేవి. ఇంతకుముందు ఆ చేతులకి ఎప్పుడూ తినేది ఏదో ఉండేదని అప్పుడు తెలిసింది. జడలో వెంట్రుకలు ఊడి వచ్చేవి. లంగా బొందు లాగి లాగి కట్టాల్సి వచ్చేది. అద్దంలో మొహం నాదే గానీ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుండేది. ఓసారి ఎండకి తట్టుకోలేక కళ్ళద్దాల కొట్లోకి దూరాను. లోపల చల్లగా ఉంది. దేని వాసనా లేదు. కళ్ళజోళ్ళాయన, "ఏం కావాలమ్మా?" అంటే, "కాసేపు నిలబడనివ్వండి," అన్నాను. తర్వాత రోజూ వెళ్ళి నిలబడటం మొదలుపెట్టాను. నాలుగైదు రోజులు చూసి, ఆయన నా చేతికి ఒక మెత్తటి గుడ్డ ఇచ్చి, "ఊరికే నిలబడేకంటే అద్దాలు తుడవకూడదా?" అన్నాడు.

కింద అత్తయ్య ఒక్కతే, ఆ మోకాళ్ళతో, కౌంటరు చూసుకునేది.

*

మధ్యాహ్నం ఎండవేళ దుకాణం మూసేవాళ్ళం. ఓ రోజు ఆ వేళప్పుడు, ఊపిరి బిగబట్టి, గొడుగు కోసం కిందికి దిగాను. అత్తయ్య గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మంచం మీద ఒళ్ళో ట్రే పెట్టుకుని ఆమె తీపి బన్నులు తింటోంది.

ఆమె తినడం నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆమె తింటే చూసేవాళ్ళకి ఆకలేసేది. ఆ రోజు అలా లేదు. కొరకడం, నమలకుండా నీళ్ళతో మింగడం, కళ్ళు మూసుకుని కాసేపు ఆగడం, మళ్ళీ కొరకడం. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడవడం లేదు, గొంతు పట్టక వస్తున్న నీళ్ళు అవి.

"అత్తయ్యా, ఆకలేస్తోందా?"

ఉలిక్కిపడలేదు. "ఆకలా? ఆ సూది మొదలెట్టాక దాని మొహం చూసింది లేదు."

"మరెందుకు తింటున్నారు?"

ట్రే పక్కన పెట్టి నోరు తుడుచుకుంది. "క్లాసులో ఒకాయన చెప్పాడు. ఏడాదయ్యాక, మందు పనిచెయ్యనివాళ్ళకి ఆపరేషన్ చేస్తారట."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అందుకని పనిచెయ్యకుండా చూస్తున్నారా?"

"సులువనుకున్నావా? ముందైతే పది తిన్నా తెలిసేది కాదు. ఇప్పుడు రెండు దిగేసరికి ప్రాణం పోతోంది. సగం బయటికి వచ్చేస్తోంది. ఇంత కష్టపడి ఎప్పుడూ తిన్లేదు నేను." నవ్వబోయి, కడుపు పట్టుకుంది.

"ఇది మంచిది కాదత్తయ్యా."

"మంచీచెడూ నాకు చెప్పకు. నీకు అడక్కుండా వచ్చింది. నాకు అడిగినా రాలేదు. నా తిప్పలేవో నన్ను పడనీ. ఎవరితోనూ అనకు."

అనలేదు. ఎవరితో అనాలి? మా ఆయనతో అంటే, ట్రయలూ వద్దు ఏమీ వద్దని ఇద్దర్నీ మానిపిస్తాడు. ఆసుపత్రిలో అంటే ఆమెను తీసేస్తారేమో. అద్దాలు తుడుస్తున్నా అదే, నడుస్తున్నా అదే. ఆ రోజుల్లో ఎక్కువ దూరాలు తిరిగాను. ఎక్కడికి వెళ్ళానో తెలియకుండా తిరిగి, దారి అడుక్కుంటూ ఇంటికొచ్చిన రోజులున్నాయి.

ఎండలు ముదిరాయి. అత్తయ్య కౌంటరు దగ్గర ఒకసారి తూలి, బ్రెడ్డు ట్రే మొత్తం కింద పడేసింది. పెదవులు ఎండి పొట్టు లేచాయి. "ఆ సూదిమందే మా అమ్మని చంపుతోంది," అన్నాడు మా ఆయన. అత్తయ్య ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ మౌనం మా ఇద్దరిదీ అయిపోయింది.

*

ఇద్దరికీ ఒకే రోజు చూపించుకోవాల్సి వచ్చింది. ముందు నన్ను తూచారు, తర్వాత ఆమెను. డాక్టరమ్మ అత్తయ్య రక్తం రిపోర్టు చూసి, మళ్ళీ చూసి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"బరువు తగ్గకపోగా కొంచెం పెరిగింది. షుగరూ పెరిగింది. ఒంట్లో నీళ్ళు తక్కువైపోయి మూత్రపిండాల మీద భారం పడుతోంది. వాంతులవుతున్నాయా?"

"ఎండకి," అంది అత్తయ్య.

"సరిగ్గా తినడం లేదా?"

"తింటూనే ఉన్నాను." అది అబద్ధం కాదు.

డాక్టరమ్మ పెన్ను తీసింది. "కొందరికి తక్కువ మోతాదు చాలదు. నీరసం తగ్గేదాకా చూసి, వచ్చే వారం నుంచి మోతాదు పెంచుదాం."

నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె గోడమీద ఉన్న కడుపు బొమ్మ వైపు చూస్తోంది. నేను ఆగాను. ఆమె చెప్తుందేమోనని చాలాసేపు ఆగినట్టు నాకనిపించింది, ఆగింది పెన్ను కాగితం మీద పెట్టేటంతసేపే.

"మందు బాగానే పనిచేస్తోందండీ. అత్తయ్యే దాని మీద బలవంతాన తింటున్నారు. మందు ఓడిపోతే ఆపరేషన్ చేస్తారని."

అత్తయ్య నెమ్మదిగా నావైపు చెయ్యి చూపించి, "మా కోడలండీ," అంది డాక్టరమ్మతో, అప్పుడే పరిచయం చేస్తున్నట్టు.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. పెన్ను మూత పెట్టి, లేచి వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది. ఎప్పటినుంచి, ఎంత, ఎన్నిసార్లు వాంతి అని అడిగింది. అత్తయ్య అన్నిటికీ జవాబు చెప్పింది, స్కూల్లో పట్టుబడ్డ పిల్లలా కాళ్ళవైపు చూస్తూ.

"ఇంక నన్ను తీసేస్తారుగా?" అంది చివరికి.

"ఎందుకు తీసేస్తాం? మందు వేసుకోనివాళ్ళూ, మధ్యలో మానేసినవాళ్ళూ, బన్నులు తిన్నవాళ్ళూ అందరూ మా లెక్కలో ఉండాల్సిందే. బుద్ధిగా ఉన్నవాళ్ళనే లెక్కేస్తే మందు చాలా గొప్పదని తేలుతుంది. బయట మనుషులు అలా ఉండరు కదా."

అత్తయ్య తలెత్తింది.

"కానీ ఇలా తింటే ఏడాది దాకా మీరే ఉండరు. ఆపరేషనే కావాలంటే ఇవాళే ఇందులోంచి బయటికి రండి. మామూలు వరసలో మీ పేరు నేనే రాయిస్తాను. ఆలస్యమవుతుంది, మీ గుండె చూసి వాళ్ళు కాదనొచ్చు కూడా. బయటికి రావచ్చని మొదటి రోజే చెప్పాను మీకు."

"మొదటి రోజు నేను ఆపరేషన్ అన్న మాట దాకే విన్నానమ్మా," అంది అత్తయ్య. "ఆ తర్వాత చెప్పిందేదీ చెవికెక్కలేదు."

"ఈసారి ఇంటికెళ్ళి నిజంగా ఆలోచించుకోండి. రెండు వారాలు సూది వద్దు. నీళ్ళు తాగండి."

*

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. నేనెదురుగా ఉన్నా మా ఆయనతో చెప్పేది: "మీ ఆవిడని గొడుగు తీసుకెళ్ళమను." "మీ ఆవిడ విటమిన్ మాత్రలు వేసుకుందేమో కనుక్కో." మా ఆయన ఆ మాటని నాకు మళ్ళీ చెప్పేవాడు. నేను ఆయనకు జవాబు చెప్తే, ఆయన అటు తిరిగి చెప్పేవాడు. మూడడుగుల దూరంలో ఇద్దరాడవాళ్ళ మధ్య ఆ మనిషి తపాలా బంట్రోతు అయిపోయాడు.

నామీద ఆయనకూ కోపం ఉందేమో అనుకున్నాను. ఓ సాయంత్రం తడి తలతో పైకొచ్చి, నాకు దూరంగా కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"చెప్పాల్సింది నువ్వు కాదు, నేను," అన్నాడు.

"మీకు తెలుసా?"

"నేను చేసిన బన్నులు నాకు తెలీవా? అమ్మినవెన్నో, మిగలాల్సినవెన్నో. పోనీలే, తింటే తిననీ, ఎప్పుడూ తినే మనిషే కదా అనుకున్నాను. ఏడుస్తూ తింటోందని నాకెలా తెలుస్తుంది."

మర్నాటి నుంచి ఆయన తీపి బన్నులు చేయడం మానేశాడు. ఎవరూ అడక్కపోయినా వచ్చినవాళ్ళందరికీ, "ఓవెన్ బాగాలేదు," అని చెప్పేవాడు. అదే ఓవెన్లోంచి తీసిన బ్రెడ్డు వాళ్ళ చేతుల్లో పెడుతూ.

నేను కళ్ళద్దాల కొట్లో పనికి కుదిరాను. దుకాణానికి ఇంక పనికిరానని ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనకుండానే కౌంటరు దగ్గర నా స్టూలు తీసేసి అక్కడ రస్కుల డబ్బాలు సర్దారు.

మొదటి మబ్బులు పట్టిన రోజు నేను పని నుంచి పెందరాళే వచ్చాను. దుకాణం గుమ్మంలో గాలికి కుర్చీ వేసుకుని అత్తయ్య కూర్చుని ఉంది. అప్పటికి సూది మళ్ళీ మొదలుపెట్టి కొన్నాళ్ళయింది. పెదవులు బాగుపడ్డాయి. నేను పక్కనుంచి మెట్లవైపు వెళ్ళబోతుంటే, "ఇలా రా," అంది.

మా ఆయనతో అంటోందేమోనని వెనక్కి చూశాను. ఆయన లేడు.

"నిన్నే. ఓ మాట చెప్పు. చిన్నప్పటి నుంచీ నా లోపల ఒకత్తి కూర్చుని పెట్టు పెట్టు అని ఒకటే నస. తిన్నా నసే, తినకపోయినా నసే. వారం నుంచీ అది నోరెత్తడం లేదు. నీకూ ఇంతేనా?"

"నాకూ అంతే అత్తయ్యా."

"హాయిగా ఉంటుందనుకున్నాను. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. నాలుగయ్యేసరికి ఏం చెయ్యాలో తోచట్లేదు. నువ్వేం చేస్తున్నావు ఆ టైముకి?"

"నడుస్తున్నాను."

"నేను నడవలేనే." కాసేపు వీధిలోకి చూసింది. "డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఇందులోనే ఉంటానన్నాను. ఓడిపోదామని కాదులే. బన్నులు తిన్నదాన్ని కూడా లెక్కలో ఉంచుతానంది చూడు, ఆ మాట బాగుంది."

"అత్తయ్యా, ఆ రోజు నేను..."

"దాని సంగతి ఎత్తకు. నేనింకా మర్చిపోలేదు." చేతికర్ర అందుకుని కుర్చీలోంచి లేచింది. "పద, వీధి చివరిదాకా చూద్దాం. పడితే పట్టుకో. ఇప్పుడు నీ దగ్గర పట్టుకోవడానికి బలమన్నా ఉందో లేదో."

తర్వాత ఏడాదికి ఆమె ఒక మోకాలు బాగుచేశారు, రెండోది ఇప్పటికీ అలాగే ఉంది. ఆ రోజు మాత్రం రెండూ పాతవే. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగుతూ, తిడుతూ, నా భుజం నొక్కుతూ వీధి చివరికి వచ్చింది. బస్టాపు గట్టు మీద కూలబడి, చెమట తుడుచుకుంటుంటే ఒక బస్సు వచ్చి ఆగింది. దాని నంబరు కూడా చూడలేదు. కమ్మీ పట్టుకుని లేచి, "వెనకనుంచి తొయ్యి," అంది.

"ఎక్కడికత్తయ్యా?"

"నాకేం తెలుసు. తొయ్యి ముందు."

తోశాను. డ్రైవరు ఓపిగ్గా ఆగాడు. బస్సు దాదాపు ఖాళీగా ఉంది. ఆమె ఇద్దరు కూర్చునే సీట్లోకి దూరి కిటికీ పక్కకు జరిగింది. నేను అలవాటుగా వెనక సీటు వైపు కదిలాను. అన్నేళ్ళలో ఒకే సీట్లో మేమిద్దరం ఎప్పుడూ పట్టలేదు. ఆమె పక్కనున్న ఖాళీ మీద చేత్తో తట్టింది.

కూర్చున్నాను. కొంచెం ఇరుగ్గా, భుజానికి భుజం ఆని, పట్టాం. బస్సు కదిలింది. కిటికీలోంచి వాన వాసన వస్తోంది.

"నువ్వు తగ్గావు కనక పట్టాం," అంది అత్తయ్య బయటికి చూస్తూ.

"మీరూ కొంచెం తగ్గారు."

ఆమె తన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి, సీటు అంచు వైపు ఒకసారి చూసుకుంది.

"కొంచెం," అని ఒప్పుకుంది.